తెల్లగుడ్డ కట్టిన ముంత

"చివరిసారి అడుగుతున్నా. ఎవరిది ఈ ముంత?"

డైరెక్టరు క్రాంతి కుమార్ గొంతులో కోపం కంటే సంబరమే ఎక్కువగా ఉంది. వంటింట్లో కట్టెల వెనక దొరికిన మట్టిముంతను తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని తినే చాప మీద నడిమధ్యన పెట్టాడు. మూతికి కట్టిన తెల్లగుడ్డ విప్పితే లోపల బియ్యం. సగానికి పైగానే ఉన్నాయి.

రెబెక్కమ్మ గోడకు చేరబడి, ఒళ్ళో చేట పెట్టుకుని రాగుల్లో మట్టిబెడ్డలు ఏరుతోంది. కొడుకు సుశీల్ కుమార్ తనకు కట్టబెట్టిన ముతక పంచె అంచు సరిచేసుకుంటున్నాడు. మనవరాలు బిందు ముంతనూ నాయనమ్మనూ మార్చి మార్చి చూస్తోంది. ఛానెల్ వాళ్ళు గోడలకు బిగించిన కెమెరాలు అందర్నీ కలిపి చూస్తున్నాయి.

కోడలు డెబోరాకి మాత్రం ఆ గుడ్డ ముడి చూడగానే సంగతి అర్థమైపోయింది. అర్థమైన మరుక్షణం తల ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

అవి దేవుడి బియ్యం. ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం గుడికి తీసుకుపోయి ఇచ్చి రావడం వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకు అలవాటు. డెబోరా తల్లీ చేసేది, పెళ్ళయిన కొత్తలో డెబోరా కూడా చేసింది. నెల్లూరులో కుట్టుబడి షాపు పెట్టాక, వంటకే తీరిక లేని రోజులొచ్చాక ఆ పిడికెడు కాస్తా కానుక కవరులో నోటయింది. రెబెక్కమ్మ మాత్రం మానలేదు. వాళ్ళ వీధిలో విశ్వాసుల ఇళ్ళన్నిట్లోంచీ శనివారం సాయంత్రానికి బియ్యం రెబెక్కమ్మ గడపకే వచ్చి చేరతాయి. వాటిని ఎవరి పొయ్యి దగ్గరికి చేర్చాలో ఆమెకే తెలుసు. ఎంత వచ్చాయి, ఎవరికిచ్చావు అని ఆమెను అడిగిన మనిషి ఇంతవరకు లేడు.

అలాంటి చేతిని నిన్న దొంగచేయి అన్నారు. అన్నది ఊళ్ళోవాళ్ళు కాదు, డెబోరాయే.

ఛానెల్ వాళ్ళ శనివారం రేషను వచ్చేదాకా సరిపోవాల్సిన బియ్యం శుక్రవారం పొద్దుగూకకముందే అడుగంటాయి. బిందు రాగిగంజి చూసి ముఖం తిప్పుకుంది. డెబోరాకి ఒళ్ళు మండింది. ఆమె నోట్లో మామూలుగానే నువ్వుగింజ నానదు. ఖాళీ కుండ కెమెరా ముందు బోర్లించి, "బియ్యానికేం కాళ్ళొచ్చినాయా నడిచిపోయేదానికి? ఈ ఇంట్లోనే దొంగ ఉండారు. ఆ చేతులు పడిపోను!" అని అరిచింది. పక్కనే ఉన్న అత్త ఆ మాట విని, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, పోయి పడుకుంది. పొద్దున వంట అత్తది, సాయంత్రం వంట తనది. ఆ లెక్కనైనా కాస్త ఆలోచించి ఉండాల్సింది. కాలు జారితే లేవొచ్చు, నోరు జారితే లేచేదెట్లా?

"ఇది దొంగతనం కాదయ్యా," అంది డెబోరా. "ఇవి..."

"డెబోరా." రెబెక్కమ్మ చేటలోంచి కళ్ళెత్తకుండానే అంది. "చెప్పబాక."

"అది గాదత్తా..."

"చెప్పబాకంటిని గదా."

క్రాంతి కుమార్ కళ్ళు మెరిశాయి. "అద్భుతం. ఇదే, ఈ మౌనమే కావాలి నాకు. అమ్మగారూ, మీరు అలాగే ఉండండి. ఇంకో గంటలో రేషను ఇన్‌స్పెక్టరు సోదాకు వస్తాడు."

*

డెబోరా అతని వెంటపడి పెరట్లోకి వచ్చింది. పెరట్లో వీళ్ళు తవ్విన కందకం ఉంది. బాంబుల విమానం వచ్చిందని కూత మోగగానే ఇంటిల్లిపాదీ అందులో దూకాలి. ఛానెల్ వాళ్ళ కార్యక్రమం పేరు 'నలభై రెండులో ఒక ఇల్లు'. జపాను వాళ్ళు ఎప్పుడొచ్చి పడతారోనని సముద్రపు ఒడ్డు ఊళ్ళన్నీ వణికిన కాలం, బర్మా బియ్యం ఆగిపోయి జనం గంజినీళ్ళకు మొహం వాచిన కాలం. అప్పటి మనుషుల్లా ఒక నెల బతికి చూపించాలి. కరెంటు లేదు, ఫోను లేదు, కిటికీలకు నల్లకాగితం, వెలుతురుకు కిరసనాయిలు బుడ్డి. గేటు దగ్గర సున్నంతో గీసిన గీత దాటితే ఆటలోంచి పోయినట్టే. గుడికి పోవడానికి కూడా వీల్లేదు. అందుకే రెండు ఆదివారాల బియ్యం ఎటూ పోలేక ముంతలో ఉండిపోయాయి.

తోటపల్లి గూడూరు అవతల, రొయ్యల గుంటల మధ్య, ఈ పాత పెంకుటిల్లు వెతికి పట్టుకున్నారు. గుంటల్లో నీళ్ళు చిలుకుతూ తిరిగే ఏరేటర్ల మోతే పగలూ రాత్రీ. నలభై రెండులో ఈ చప్పుడెక్కడిదని సౌండు చూసే మనిషి నెత్తి కొట్టుకోని రోజు లేదు.

డెబోరా జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. పిడికెడు సంగతి, వీధి సంగతి, అత్త సంగతి.

"మా అత్త వాళ్ళమ్మ ఆ యుద్ధం రోజుల్లో కూడా తీసిందయ్యా. పిల్లలు ఆకులు ఉడకేసుకోని తినే రోజుల్లో. నీకు నలభై రెండు కావాలన్నావే, ఇదే నలభై రెండు. నువ్వు తెచ్చి పెట్టిన బుడ్డీలూ కాగితాలూ కాదు. ఈ ఇంట్లో నిజంగా ఆ కాలంది ఏదన్నా ఉంటే ఆ ముంత ఒకటే."

క్రాంతి కుమార్ మొత్తం విన్నాడు. చెడ్డవాడేం కాదు. పెద్దామెకు కీళ్ళనొప్పులంటే తన మందు తనే తెచ్చిచ్చిన మనిషి. కానీ మంచి సీను కనబడితే కన్నతల్లిని కూడా ఇంకో టేక్ చేయమనే రకం.

"మేడమ్, మీ మాట నేను నమ్ముతాను. కానీ గుడి, దేవుడు అని వేశామంటే మతం గొడవలని పైనుంచి ఫోన్లొస్తాయి. చూసేవాళ్ళకు తేలిగ్గా ఉండాలి కథ. ఆకలితో ఉన్న పిల్ల, బియ్యం దాచిన ముసలావిడ. ఆ రోజుల్లో బియ్యం దాస్తే నేరం. ఇన్‌స్పెక్టరు నిలదీస్తాడు, ఆవిడ 'తప్పయింది బాబూ' అని ఏడుస్తుంది, మీరు క్షమించేస్తారు. జనం ఆవిణ్ణి నెత్తిన పెట్టుకుంటారు."

"దొంగని నెత్తిన పెట్టుకుంటారా?"

"ఏడ్చిన దొంగని పెట్టుకుంటారు మేడమ్."

"ఆమె ఏడవదు."

"ఏడవకపోతే నా దగ్గర నిన్నటి టేపు ఉంది."

పెరటి మూల వేసిన టెంటులోకి తీసుకుపోయి చూపించాడు. ఎప్పుడు కత్తిరించి అతికారో, అప్పుడే తయారుగా ఉంది. ముందు ఖాళీ కుండ. తర్వాత డెబోరా ముఖం, తెరంతా నిండిపోయి. ఈ ఇంట్లోనే దొంగ ఉండారు. ఆ చేతులు పడిపోను. వెంటనే ముంత. వెంటనే చేటలో కదులుతున్న రెబెక్కమ్మ ముడతల చేతులు.

సాయంత్రం వార్తల తర్వాత వేస్తారట.

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఆ వీధిలో ఏ ఆడది ఇకమీద శనివారం బియ్యం తీసుకుని ఆ గడపకు వస్తుంది? వచ్చినా, ఒకసారి తూచి మరీ ఇస్తుంది. ఆ తూచడం చూస్తూ అత్త బతకాలి. డెబోరాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. వాటిని కెమెరా ముందు పడనివ్వకూడదన్న పట్టుదలతో కొంగు నోట్లో కుక్కుకుని బయటికొచ్చింది.

*

ఇన్‌స్పెక్టరు వేషం ముత్యాలయ్యది. నెల్లూరు జిల్లాలో నాటకాలాడని పందిరి లేదంటాడు. ఖాకీ నిక్కరు, తలమీద టోపీ, చంకలో బెత్తం. వేషం వేసుకున్నాక టీ గ్లాసు అందించినా, "ఎవరక్కడ!" అనే అందుకుంటాడు.

"ఓ వృద్ధురాలా! యుద్ధకాలపు చట్టము ప్రకారము ధాన్యము దాచుట నేరము. ఈ ముంత నీదేనా?"

రెబెక్కమ్మ ముంతకేసి చూసింది. "ముంత నాదే."

"అందులోని బియ్యము?"

"నాయి గావు."

ముత్యాలయ్య కాగితంలో ఇది లేదు. డైరెక్టరు వైపు ఓరగా చూశాడు. కానివ్వమని క్రాంతి కుమార్ చెయ్యి తిప్పాడు.

"నీవి కానిచో నీ ఇంటివారివా?"

"మా ఇంటోళ్ళయీ గావు."

"మరెవరివి?"

"ఎవురియో వాళ్ళయి."

"కట్!" అని అరిచాడు క్రాంతి కుమార్. వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మగారూ, ఒక్క మాటండీ. 'తప్పయింది' అనండి చాలు. నాటకమే కదా."

"నాటకంలో అయినా అబద్ధం అబద్ధమే గదా నాయనా. నేను తప్పు చెయ్యలా. చెయ్యని తప్పు ఎట్టా ఒప్పుకునేది?"

"మీ కోడలు నిజం చెప్పింది నాకు."

చేట మీద చేతులు ఆగాయి. రెబెక్కమ్మ తలెత్తి డెబోరాను చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ రాగుల్లోకి వంగిపోయింది.

ఆ చూపు తట్టుకోలేక డెబోరా మొగుడి మీద పడింది.

"నువ్వు మాట్లాడవేందయ్యా? ఆ ముంత చూస్తానే గదా నువ్వు పెరిగింది? పొద్దున్నించీ తెలీనట్టు కూర్చోనుండావే!"

"తెలుసు," అన్నాడు సుశీల్ కుమార్ నెమ్మదిగా. ముత్తుకూరు దగ్గర పోర్టులో క్రేను నడుపుతాడు. టన్నుల కొద్దీ సరుకు గాల్లోకి లేపుతాడు గానీ, ఇంట్లో ఒక మాట పైకి లేపాలంటే చెయ్యి రాదు. "తెలిసి ఏం చెయ్యమంటావు? సంతకాలు పెట్టొచ్చినాము. పోర్టులో అందరికీ చెప్పుకున్నా. అమ్మ ఒక్క మాటంటే అయిపోద్ది గదా."

"అయితే నువ్వను. నేనే దాచినానని నువ్వను, చూద్దాం!"

సుశీల్ మళ్ళీ పంచె అంచు సరిచేసుకున్నాడు.

"నువ్వు అనలేని మాట మీ అమ్మ అనాలా? ఆమెకి పేరు లేదా? నీకేనా పోర్టులో పేరుండేది?"

"గొంతు తగ్గించు, కెమెరా ఉండాది."

"ఉండనీ! నిన్న దొంగని అరిచినప్పుడు తగ్గించమన్నావా?"

బిందు లేచి వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుని, తనూ చేటలో చెయ్యి పెట్టి రాగులు ఏరడం మొదలుపెట్టింది. నిన్న ముఖం తిప్పుకున్న రాగులే.

"అమ్మగారితో సీను కుదరదన్నమాట," అంటూ క్రాంతి కుమార్ లేచాడు. "సరే. టేపు వేసేద్దాం."

*

డెబోరా విసవిసా గేటు దగ్గరికి నడిచింది.

గీత దాటలేదు. సున్నం గీతకు ఇవతలే, కాలి బొటనవేలు దానికి ఆనీ ఆనకుండా నిలబడింది. గీతకు అవతల రోజూ ఉండే జనమే ఉన్నారు. రొయ్యల గుంటల దగ్గర పనికొచ్చినవాళ్ళు, కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళు, పక్కూరినుంచి పనిగట్టుకుని వచ్చే వెంకటశేషమ్మ. షూటింగు చూడనిదే ఆమెకు అన్నం సయించదు.

"ఏందిమే, లోపల గోల?" అంది వెంకటశేషమ్మ. "మీ అత్త బియ్యం దొంగిలించిందంటనే?"

"ఎవరక్కా చెప్పింది?"

"ఆ టోపీ ఆయన చెప్పినాడు, టీ తాగతా."

అంతే. డెబోరాకి ఇక ఆగాల్సిన పని కనబడలేదు.

"వినండక్కా, అందరూ వినండి! ఫోన్లుంటే తియ్యండి. వీళ్ళ కెమెరాలో నిజం చెప్తే కత్తిరిస్తారు. మీ ఫోన్లల్లో కత్తిరించలేరు."

ఒకటి లేచింది. చూస్తుండగానే నాలుగు, పది, గేటు మీదంతా ఫోన్లే.

"మా అత్త దొంగ కాదు. దొంగని అరిచింది నేను, నాదే తప్పు. అవి దేవుడికి తీసిన బియ్యం. తను తినే దాంట్లోంచి తీసింది. నేను రెండు ముద్దలు తింటే ఆమె ఒక ముద్ద తిని లేచిపోయేది, ఆకలి లేదని. మేము ఆటలాడతా ఉంటే ఆ ముసలామె నిజంగా పస్తున్నది. మా వీధిలో పొయ్యి వెలగని ఇల్లు లేదంటే ఆమె చలవే!"

"ఫోన్లు దించండి!" క్రాంతి కుమార్ పరిగెత్తుకొచ్చాడు. "ఇది ఛానెల్ షూటింగు! తియ్యకూడదు!"

"మా ఊరు, మా ఫోను. నువ్వెవరు నాయనా దించమనేదానికి?" అంది వెంకటశేషమ్మ. జనం నవ్వారు. ఎవరో ఈల వేశారు. ఆ ఈల డెబోరాకి ఎక్కడలేని ఊపూ ఇచ్చింది.

"నమ్మకపోతే మా వీధికి పోయి చూడండి! మా కృపాదానం మామ ఉండాడు. అచ్చాఫీసులో అక్షరాలు పేర్చి పేర్చి కళ్ళు పోగొట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటడు, ఒకరి ముందు చెయ్యి చాచడు. ఆయన పొయ్యి మీద ఉడికేది మా అత్త ముంతలో బియ్యమే! అట్టాంటి మనిషినా దొంగనేది?"

చప్పట్లు మోగాయి. "అట్టా అడుగుమే!" అని ఎవరో అరిచారు. క్రాంతి కుమార్ ముఖం పాలిపోయింది. ఫోనులో ఎవరికో, "ఆ ప్రోమో ఆపండి, ముందు ఆపండి," అంటున్నాడు. ఈ జనం తీసింది బయటికొచ్చాక తన టేపు చెల్లదని అతనికి తెలుసు.

గెలిచింది. డెబోరా రొమ్ము విరుచుకుని వెనక్కి తిరిగింది.

వసారా మెట్టు మీద రెబెక్కమ్మ నిలబడి ఉంది. చేతిలో చేట లేదు, ముంత లేదు. ఎప్పటినుంచి వింటోందో.

"అత్తా, ఆ టేపు ఇంక వెయ్యరు. ఆపమన్నాడు."

"ఎవరి పేరు చెప్పినావు?"

"ఆఁ?"

"ఆ ఫోన్లల్లో ఎవరి పేరు చెప్పినావు నువ్వు?"

డెబోరాకి అప్పుడు తెలిసింది. ఒకసారి సంచి బరువుగా ఉందని అత్తకు తోడు వెళ్ళింది. కృపాదానం ఇంటి వెనక తలుపు దగ్గర సంచి పెట్టి, పిలవకుండా, తలుపు తట్టకుండా తిరిగి వచ్చారు. ఎవరికీ చెప్పబాకని అత్త ఆ రోజు మాట తీసుకుంది.

"నీ పేరు నిలబెట్టాలని గదత్తా..."

"నిలబెట్టమని నేను అడిగినానా?" రెబెక్కమ్మ గొంతు పెంచలేదు. "నిన్న దొంగన్నావు, నన్ను అడగలా. ఇయ్యాల భక్తురాలన్నావు, అప్పుడూ నన్ను అడగలా. వాడు తప్పయిందనమన్నాడు, నువ్వు గొప్పదన్నావు. మీ ఇద్దరికీ నడాన నేనుండానే, నా నోరెక్కడికి పోయింది? నేనెందుకు చెప్పొద్దన్నానో ఒక్క తూరన్నా అడిగినావా? మా అమ్మ గంజి తాగే రోజుల్లో తీసింది. ఎవరికిచ్చిందో చచ్చేదాకా నాక్కూడా చెప్పలా. తిన్నోళ్ళు తల వంచుకోకూడదని. అందుకు చెప్పలా."

డెబోరా చూపు గేటు మీది ఫోన్ల వైపు పోయింది.

"ఆ మనిషి ఆదివారం గుడిలో ముందు బల్లమీద కూర్చుంటాడు. ఈ ఆదివారం కూర్చుంటాడా?"

రెబెక్కమ్మ మెట్టు దిగింది. మోకాళ్ళు పట్టేసినా ఆగకుండా గేటు వైపు నడిచింది. సుశీల్ అడ్డం వచ్చాడు.

"అమ్మా, గీత దాటబాక. దాటితే అంతా పోద్ది."

"ఆటే గదా, పోనీ. ఆ ఫోన్లు ఆయన దాకా చేరేలోపల నేను ఆయన గడపలో ఉండాల. జరుగు."

సుశీల్ జరగలేదు. ఆమె కొడుకును చేత్తో పక్కకు తోసింది. టన్నులెత్తే మనిషి ఆ ముసలి చేతికి పక్కకు జరిగిపోయాడు. జనం కూడా నోరెత్తకుండా దారి ఇచ్చారు. ఫోన్లు కొన్ని దిగాయి, కొన్ని దిగలేదు.

"అత్తా, ముంత..." డెబోరా వెనకే వచ్చింది. "బియ్యం తెస్తానుండు."

"ఎందుకు? ఆ బియ్యం ఇంక ఆయన గొంతు దిగవు. నువ్వే వండుకో."

రెబెక్కమ్మ సున్నం గీత దాటింది. చెప్పులు లేని కాళ్ళతో తారురోడ్డు మీద నిలబడి, అప్పుడు వెనక్కి తిరిగింది. క్రాంతి కుమార్ సైగ చేశాడో లేదో గాని, గేటు కెమెరా ఆమెవైపు తిరిగింది. ఆమె దాన్ని చూడలేదు. గీతకు ఇవతల నిలబడిన కోడల్ని చూసింది.

"నన్ను మీరెవురూ అడగలా. నేను నిన్ను అడుగుతా ఉండా. ఆయన ముందుకొచ్చి నిలబడతావా, ఈడే ఉంటావా?"